పెద్దమ్మ చీటీలో పది రోజులు

పత్రిక నాకు అప్పజెప్పింది హైదరాబాదు కథ. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, నమూనాల్లో ఆల్‌ప్రజోలం బయటపడింది. ఆందోళన తగ్గించే మందు ప్రాణాల మీదికి ఎలా వచ్చిందో గురువారం సాయంత్రంలోగా రాసివ్వాలి. మంగళవారం వెల్దుర్తిలో పెద్దమ్మ ఇంట్లో ఆగాను. ఆమె బిస్కెట్ల డబ్బాలో అదే మందు కనిపించింది.

బిళ్ళల అట్టతో పాటు, మడతల దగ్గర చిరిగిన చీటీ ఒకటి. తేదీ 2021 జూన్. పెద్దనాన్న పోయిన నెల. ఆల్‌ప్రజోలం 0.25 మి.గ్రా., 0-0-1, అంటే రాత్రికి ఒకటి. దాని పక్కన స్పష్టంగా: 10 రోజులు. అప్పటి నుంచి ఆమె వేసుకుంటూనే ఉంది.

“నిద్దర బిళ్ళే గదా అబ్బయ్యా, ఏమవుద్ది?” అంది. ఆ పేరు మీదే నాకు అనుమానం. నిద్ర బిళ్ళ అనగానే జ్వరం బిళ్ళంత తేలిగ్గా వినిపిస్తుంది.

ఆ చీటీని నేను చాలాసేపు చూశాను. 1945 నాటి ఔషధ నియమాల ప్రకారం, డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప ఇలాంటి చీటీ మీద రెండోసారి మందు ఇవ్వకూడదు. ఇచ్చినప్పుడు డాక్టరు సంతకానికి పైన దుకాణం పేరు, చిరునామా, తేదీ రాయాలి. పెద్దమ్మ చీటీలో సంతకం పైన తెల్లగా ఉంది. ఆల్‌ప్రజోలం 2014 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1లో ఉంది. అమ్మిన ప్రతిసారీ డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని బిళ్ళలు ఇచ్చారో వేరే రిజిస్టరులో ఎక్కించి, మూడేళ్లు దాచాలి. ఈ చీటీ మీద అమ్మిన బిళ్ళలు ఏ రిజిస్టరులో ఎక్కాయి?

అట్ట వెనక ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంది, ఇంగ్లీషులో. పెద్దమ్మ తెలుగే కూడబలుక్కుని చదువుతుంది.

నిరుడు తెల్లవారుజామున ఆమె పెరట్లో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అందరం కళ్లజోడును తిట్టాం. ఆల్‌ప్రజోలం ఒంట్లో సగానికి తగ్గడానికి సగటున 11 గంటలు, వృద్ధుల్లో 16 గంటలు పడుతుంది. రాత్రి బిళ్ళ మత్తు తెల్లారినా కాళ్లను వదలదని మాకెవరికీ తట్టలేదు. మతిమరుపును వయసు ఖాతాలో వేశాం.

ఒకసారి తనంతట తానే మానేసిందట. గుండె దడ, చేతుల వణుకు, మూడు రాత్రులు కునుకు లేదు. జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ మొదలుపెట్టింది. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పనికి ఈ మందు బలం ఇస్తుంది. అలవాటుపడ్డ మెదడుకు ఆ ఊతం ఒక్కసారిగా తీసేస్తే ఇలాగే తల్లడిల్లుతుంది, కొందరికి ఫిట్స్ వస్తాయి. మద్యంతో గానీ నల్లమందు జాతి నొప్పి మందులతో గానీ కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చు.

ఈ మందు చరిత్ర క్లుప్తంగా: ఇదే జాతికి చెందిన, లియో స్టెర్న్‌బాక్ కనిపెట్టిన లిబ్రియం 1960లో, వేలియం 1963లో వచ్చాయి. ఆల్‌ప్రజోలంకు అమెరికా అనుమతి 1981లో. అలవాటుపడటం గురించీ, మానేసినప్పటి ముప్పు గురించీ ఈ జాతి మందులన్నిటి మీదా గట్టి హెచ్చరిక ముద్రించాలని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది 2020లో.

కల్లు ఆగిన నెల
2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు, కల్లు దొరకనివాళ్లు వణుకుతూ, పిచ్చిచూపులతో ఆసుపత్రులకు చేరారు. తాము తాగుతున్న కల్లులో ఈ జాతి మందు కలిసి ఉందని చాలామందికి తెలియదు. మాదకద్రవ్యాలను అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టంలో 100 గ్రాముల ఆల్‌ప్రజోలం దాటితే వాణిజ్య పరిమాణం. పెద్దమ్మ బిళ్ళలతో ఆ లెక్క చేరాలంటే నాలుగు లక్షలు కావాలి.

ఫోను
మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్: 14416. ఉచితం, పగలూ రాత్రీ, తెలుగులోనూ మాట్లాడతారు.

బుధవారం నరసరావుపేటలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మందును తిట్టలేదు. ఆ జూన్‌లో పది రోజులకు అది సరైన మందేనన్నారు. పదకొండో రోజున ఎవరైనా పిలిచి చూడాల్సిందన్నారు. కొన్ని వారాల పాటు కొంచెం కొంచెంగా తగ్గించేలా కొత్త చీటీ రాసి, మళ్లీ ఎప్పుడు రావాలో అడుగున తేదీ వేశారు.

“ఇన్నాళ్లూ ఆపమని ఒక్కళ్లూ చెప్పలేదయ్యా,” అంది ఆయనతో.

ముఖచిత్రానికి పాత చీటీ ఫొటో పంపాను, పేర్లు మూసి. చీటీ పారేస్తానంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. పెద్దనాన్న పోయిన నెల దాని మీద ఉందంది. మడతపెట్టి, మళ్లీ డబ్బాలోనే పెట్టుకుంది.