ఫ్రిజ్ వాడకంలో మెలకువలు – విద్యుత్తు ఆదా, ఆహార భద్రత

లింగంపల్లి: 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు ప్రారంభమైన నాటి నుంచి లింగంపల్లి, హైటెక్ సిటీ ఉద్యోగుల నివాస కేంద్రంగా విస్తరించింది. భార్యాభర్తలిరువురూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో వారానికి సరిపడా కూరగాయలు, రుబ్బిన పిండి, వండిన కూరలు ఫ్రిజ్‌లోనే నిల్వ ఉంటాయి. ఇరవై నాలుగు గంటలూ విద్యుత్తును వినియోగించే ఈ ఉపకరణం విషయంలో కొద్దిపాటి శ్రద్ధ వహిస్తే అటు కరెంటు బిల్లు, ఇటు ఆరోగ్యం రెండూ అదుపులో ఉంటాయి.

బిల్లుపై ప్రభావం

2024లో ప్రారంభమైన గృహజ్యోతి పథకం కింద అర్హులైన ఆహార భద్రతా కార్డుదారులకు నెలకు 200 యూనిట్ల వరకు గృహ విద్యుత్తు ఉచితంగా లభిస్తుంది. ఆ పరిమితి దాటితే బిల్లు చెల్లించవలసి ఉంటుంది. కనుక ఇటువంటి కుటుంబాలకు పది యూనిట్ల ఆదా కూడా విలువైనదే.

2001 నాటి ఇంధన పరిరక్షణ చట్టం ప్రకారం ఏర్పాటైన ఇంధన సామర్థ్య సంస్థ, 2006లో స్టార్ లేబుల్ విధానాన్ని ప్రవేశపెట్టింది. ఫ్రిజ్‌పై అతికించిన లేబుల్‌లో ఏడాదికి ఖర్చయ్యే యూనిట్లు ముద్రించి ఉంటాయి. ఆ సంఖ్య 240 అయితే నెలకు సగటున 20 యూనిట్లని అర్థం. ప్రమాణాలను కాలానుగుణంగా కఠినతరం చేస్తున్నందున, కొనుగోలుదారులు స్టార్లతో పాటు లేబుల్ కాలపరిమితిని, యూనిట్ల సంఖ్యను కూడా పరిశీలించాలి.

ఎక్కడ, ఎలా ఉంచాలి?

ఫ్రిజ్ లోపలి వేడిని గ్రహించి వెలుపలికి పంపుతుంది. గోడకు ఆనించినా, పొయ్యి పక్కన లేక ఎండ తగిలే చోట ఉంచినా ఆ వేడి త్వరగా పోదు. ఫలితంగా కంప్రెసర్ ఎక్కువసేపు పనిచేస్తుంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే వేసవిలో ఈ భారం మరింత పెరుగుతుంది. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూసినపుడు అది సులువుగా జారి వస్తే రబ్బరును మార్పించాలి. ఫ్రీజర్‌లో మంచు అర సెంటీమీటరు మించి పేరుకుంటే కరిగించాలి.

ఎంత చల్లదనం?

లోపలి ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్‌కు మించరాదు. ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీలు ఉండాలి. మీటపై ఉన్న అంకెలు డిగ్రీలు కావు. గ్లాసెడు నీటిలో థర్మామీటరు ఉంచి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి చూస్తే అసలు ఉష్ణోగ్రత తెలుస్తుంది.

నిల్వలో జాగ్రత్తలు

వండిన అన్నం, పప్పు, కూరలను రెండు గంటల్లోగా ఫ్రిజ్‌లో పెట్టాలి. పొగలు కక్కే గిన్నెను అలాగే పెడితే విద్యుత్తు ఖర్చు పెరుగుతుంది. చల్లారాలని పూటంతా బయట వదిలితే సూక్ష్మక్రిములు పెరుగుతాయి. లోతు తక్కువ గిన్నెల్లోకి సర్దితే త్వరగా చల్లారుతుంది. నిల్వ కూరలను మూడు రోజుల్లోగా, పూర్తిగా వేడిచేసి వాడుకోవాలి. వాసన రాలేదు కాబట్టి పాడు కాలేదని భావించరాదు.

పచ్చి మాంసం, చేపలను మూతపెట్టి అడుగు అరలో ఉంచాలి; పై అరలో ఉంచితే వాటి నీరు ఇతర పదార్థాలపై కారే ప్రమాదం ఉంది. తలుపు అరల్లో చల్లదనం తక్కువ కనుక పాలను లోపలి అరలోనే పెట్టాలి. తోటకూర, గోంగూర, కొత్తిమీరలను తడి ఆర్చి పొడి గుడ్డలో చుట్టాలి. ఉల్లి, ఆలుగడ్డలకు గాలి ఆడే బుట్ట చాలు. అరలను కిక్కిరిసేలా నింపితే గాలి ప్రసరణ ఆగిపోతుంది.

కరెంటు పోయినపుడు

తలుపు తెరవకుండా ఉంటే సుమారు నాలుగు గంటల వరకు చల్లదనం నిలుస్తుంది. అంతకు మించి సరఫరా నిలిచిపోతే పాలు, మాంసం, వండిన పదార్థాలను పారవేయడమే క్షేమకరం. అవసరమైనంతే కొనడం, ముందు పెట్టినది ముందు వాడడం అలవరచుకుంటే ఆహారం, విద్యుత్తు రెండింటి వృథానూ అరికట్టవచ్చు.