ఒకే గడప... రెండు కాపురాలు!

దుకాణం తలుపు తెరిచే ఉంది. పైన బోర్డూ ఉంది. లోపలికెళ్లి 'ఆవకాయ కావాలండీ' అని అడిగితే, పై వాటాలో ఉండే పెద్దాయన దిగొచ్చి 'అలాంటిదేమీ ఇక్కడ లేదే' అంటే ఎలా ఉంటుంది? మా పిన్ని పచ్చళ్ల వెబ్‌సైట్‌లో అచ్చం అదే జరిగింది. అదీ మే నెలలో... కొత్తావకాయ కోసం జనం ఎదురుచూసే రోజుల్లో!

పిన్నికి అప్పటికే వర్డ్‌ప్రెస్‌తో చేసిన ఓ సైటుంది. జాడీల ఫొటోలు, ఫోన్ నంబరు... అంతే. 'డబ్బు కూడా అక్కడే కట్టేసే వీలుంటే బాగుంటుంది అత్తా' అని అమెరికాలో ఉన్న మేనకోడలు అడగడంతో ఆన్‌లైన్ దుకాణం తెరవాలనుకుంది. అల్లుడికి కాస్త కంప్యూటరు పరిజ్ఞానం ఉంది. ఇంట్లోనే రెండో వర్డ్‌ప్రెస్‌తో దుకాణం తయారుచేశాడు. పాత సైటు ఉన్న ఫోల్డరులోనే 'అంగడి' అని ఇంకో ఫోల్డరు పెట్టి అందులోకి కాపీ చేశాడు. కొత్త డొమైన్ కొనక్కర్లేదు, హోస్టింగ్‌కి అదనంగా కట్టక్కర్లేదు. మొదటి పేజీ చక్కగా తెరుచుకుంది. 'చూశారా అత్తయ్యగారూ, పైసా ఖర్చు లేదు' అన్నాడు.

సాయంత్రానికల్లా ఫోన్లు మొదలు. ఆవకాయ బొమ్మ మీద నొక్కితే 'పేజీ దొరకలేదు' అంటోందట. పైగా ఆ పేజీ మీద పాత సైటు రంగులు, పాత సైటు మెనూ! అల్లుడు దుకాణాన్ని తీసేసి మళ్లీ కాపీ చేశాడు. మళ్లీ అదే తీరు. మూడు రోజులు పిన్ని ఆర్డర్లన్నీ ఫోన్లోనే నోటుబుక్కులో రాసుకుంది. అంత ఓపిక లేనివాళ్లు వేరేచోట కొనుక్కున్నారు.

దుకాణంలో వెతికితే కారణం ఎలా దొరుకుతుంది? చిక్కు వచ్చింది పై వాటా నుంచి కదా!

తాతగారి మాట

చాలా హోస్టింగ్ సంస్థల సర్వర్లలో పేజీలను అందించేది అపాచీ అనే సాఫ్ట్‌వేర్. ఎవరైనా ఓ పేజీ అడిగితే అది నేరుగా చివరి ఫోల్డరుకు వెళ్లిపోదు. పై నుంచి ఒక్కో మెట్టూ దిగుతూ, ప్రతి మెట్టు దగ్గరా '.హెచ్‌టీయాక్సెస్' అనే చిన్న ఫైలుందేమో చూస్తుంది. అందులో రాసినవి ఆ ఫోల్డరుకే కాదు, దాని కింద ఉన్న ఫోల్డర్లన్నిటికీ వర్తిస్తాయి. ఉమ్మడి కుటుంబంలో తాతగారి మాటలాగన్నమాట.

పై సైటు ఆ ఫైలులో రాసుకున్న నియమం ఏంటంటే... 'అడిగిన పేరుతో నిజంగా ఫైలో ఫోల్డరో ఉంటే ఇచ్చెయ్. లేకపోతే నా దగ్గరికి పంపు'. 'అంగడి' నిజమైన ఫోల్డరే కాబట్టి మొదటి పేజీ తెరుచుకుంది. కానీ 'అంగడి/ఆవకాయ' అన్న ఫోల్డరు ఎక్కడా లేదు. అది డేటాబేస్‌లోని వివరాలతో అప్పటికప్పుడు తయారయ్యే పేజీ. దాంతో 'నా దగ్గరికి పంపు' అన్న నియమం పనిచేసి, అడిగినవాళ్లు పాత సైటు గుమ్మంలో తేలారు. ఆవకాయ పేజీ సంగతి దానికేం తెలుసు!

దుకాణానికి సొంత '.హెచ్‌టీయాక్సెస్' ఉండాల్సింది. చుక్కతో పేరు మొదలయ్యే ఫైళ్లను చాలా ప్రోగ్రాములు కంటికి కనిపించకుండా దాచేస్తాయి. అల్లుడు కాపీ చేసినప్పుడల్లా ఆ ఒక్కటే మిగిలిపోయింది. చివరికి దుకాణం సెట్టింగ్స్‌లో 'పర్మాలింక్స్' పేజీ తెరిచి, ఏమీ మార్చకుండానే 'సేవ్' నొక్కాడు. వర్డ్‌ప్రెస్ తనకు కావాల్సిన ఫైలును తనే రాసుకుంది. అర నిమిషం పని!

అయితే ఇందులో ఇంకో మెలికుంది. కింది ఫైలులో ఇలా దారి మళ్లించే నియమాలు చేరగానే పై ఫైలులోని దారి మళ్లింపులు ఆ ఫోల్డరుకు చెల్లకుండా పోతాయి. మంచివి కూడా! వచ్చినవాళ్లందరినీ సురక్షితమైన 'హెచ్‌టీటీపీఎస్' చిరునామాకు పంపే ఏర్పాటు పై ఫైలులో ఉంది. దుకాణానికి అది ఆగిపోయింది. డబ్బు కట్టించుకునే చోట అది లేకపోతే ఎలా? ఆ లైన్లు కింద కూడా రాయాల్సి వచ్చింది. పాస్‌వర్డ్ కాపలాలాంటివి మాత్రం అలా పోవు, పై నుంచి దిగుతూనే ఉంటాయి. కొన్ని దిగుతాయి, కొన్ని దిగవు... తలనొప్పంతా ఇక్కడే.

సబ్‌డొమైన్ పెట్టుకుంటే ఈ గొడవ ఉండదనుకుంటారు చాలామంది. పేరు మారినంత మాత్రాన సరిపోదు. అపాచీ చూసేది చిరునామాను కాదు, సర్వర్‌లో ఫోల్డరు ఎక్కడుందో! కొన్ని హోస్టింగ్ ఖాతాల్లో రెండో డొమైన్‌కి ఇచ్చే ఫోల్డరు కూడా మొదటి సైటు కడుపులోనే ఉంటుంది. అప్పుడు పేరు వేరైనా గడప ఒకటే.

బీరువా ఒకటే అయితే...

డేటాబేస్ దగ్గర ఇంకో తగాదా. వర్డ్‌ప్రెస్ తన పట్టికల పేర్లకు ముందు 'డబ్ల్యూపీ_' అని తగిలిస్తుంది. రెండో సైటుకూ అదే డేటాబేస్, అదే ముందు మాట ఇచ్చారనుకోండి... 'ఇప్పటికే ఇన్‌స్టాల్ అయి ఉంది' అంటుంది. పాత పట్టికలు తీసేసి మళ్లీ రమ్మంటుంది. ఆ మాట నమ్మి తీసేస్తే పోయేది పెద్ద సైటే! రెండోదానికి వేరే ముందు మాట ఇస్తే చాలు, ఒకే బీరువాలో రెండు అరలు.

డేటాబేస్ పాస్‌వర్డ్ లాంటివి దాచే 'డబ్ల్యూపీ-కాన్ఫిగ్' ఫైలుదీ ఓ కథ. 2008లో వచ్చిన 2.6 వెర్షన్ నుంచి, ఈ ఫైలు తన ఫోల్డరులో లేకపోతే వర్డ్‌ప్రెస్ ఒక మెట్టు పైన వెతుకుతుంది. మరి పైన ఉన్నది ఇంకో సైటు ఫైలైతే? దానికీ జాగ్రత్త తీసుకున్నారు. పై ఫోల్డరులో మరో వర్డ్‌ప్రెస్ కాపురం ఉందని తెలిపే ఫైలు కనిపిస్తే దాన్ని ముట్టుకోదు. అన్ని సాఫ్ట్‌వేర్లకూ ఇంత మర్యాద ఉంటుందనుకోకండి.

నాకు వీటన్నిటికంటే భయం వేసేది 'టెస్ట్', 'పాతది' అంటూ లోపల పెట్టి మరిచిపోయే ఫోల్డర్లను చూస్తేనే. అప్‌డేట్ చేయని ఆ సైటులోకి దొంగ దూరితే, ఖాతా ఒకటే కాబట్టి పెద్ద సైటు ఫైళ్లూ చేతికి చిక్కినట్లే.

అసలు ఒకదాని కడుపులో ఇంకొకటి కాకుండా పక్కపక్కన రెండు ఫోల్డర్లు పెట్టుకుంటే ఇందులో చాలా గొడవలు ఉండవు. లేదంటే ఒకే వర్డ్‌ప్రెస్‌తో పలు సైట్లు నడిపే 'మల్టీసైట్' ఏర్పాటు 2010లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచీ ఉంది.

మామిడికాయల రోజులు అయిపోయాక అల్లుడు దుకాణాన్ని బయటికి తెచ్చి, పాత సైటు పక్కనే వేరే ఫోల్డరులో పెట్టాడు. ఈసారి చుక్క ఫైలును మరిచిపోలేదు. 'అంగడి' కోసం వచ్చేవాళ్లను కొత్త చోటుకు పంపే రెండు లైన్లు మాత్రం పై ఫైలులోనే రాసి ఉంచాడు. మే నెలలో పిన్ని వాట్సాప్‌లో పంపిన లింకులతోనే ఇప్పటికీ ఆర్డర్లు వస్తున్నాయి మరి.