ఛాయాచిత్రంలో నల్లి: ఏది కన్ను, ఏది కాలు?

మిరప ఆకులు ముడుచుకున్నప్పుడు రైతులు ఇప్పుడు కొమ్మకు బదులు, సెల్‌ఫోనుకు చిన్న కటకం తగిలించి తీసిన ఫోటోను పంపుతున్నారు. అందులో ఉన్నది తామర పురుగా, నల్లా అన్నది విస్తరణ శాస్త్రవేత్త తేల్చవలసి ఉంటుంది. పొరబడితే నష్టం రైతుదే. తామర పురుగుల మందులు అనేకం నల్లిపై పనిచేయవు; సింథటిక్ పైరిథ్రాయిడ్లు చల్లితే మిత్ర పురుగులు నశించి నల్లి మరింత విజృంభిస్తుంది. ఆకు అంచులు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి అన్న గుర్తు పొలంలో పనికివచ్చేదే గాని, రెండూ కలిసి ఆశించిన తోటలో చాలదు.

కీటకంలోని తల, ఉరము, ఉదరము అనే విభజన నల్లిలో లేదు. ముందుకు పొడుచుకు వచ్చిన చిన్న ముఖభాగం నాథోసోమా. తక్కిన సంచి వంటి దేహమంతా ఇడియోసోమా. రెక్కలు, స్పర్శశృంగాలు ఉండవు. ముందుకు చాచిన మొదటి జత కాళ్లను స్పర్శశృంగాలుగా భావించడం విద్యార్థులలో తరచుగా కనిపించే పొరపాటు. నల్లి ఆ కాళ్లతోనే తడుముకుంటూ నడుస్తుంది కనుక ఆ భ్రమకు కారణం లేకపోలేదు. కాళ్లు లెక్కించడమూ జాగ్రత్తగా జరగాలి. ప్రౌఢ నల్లికి 4 జతలు. గుడ్డు నుండి వెలువడిన పిల్లకు 3 జతలే. ఆరు కాళ్లు కనిపించినంత మాత్రాన కీటకమని నిర్ణయించరాదు. కొబ్బరిని ఆశించే ఎరియోఫిడ్ నల్లికైతే జీవితాంతం 2 జతలే.

రెండు మచ్చల ఎర్రనల్లి చిత్రంలో దేహానికి ఇరువైపులా కనిపించే నల్లని మచ్చలు కళ్లు కావు. పారదర్శకమైన చర్మం గుండా కనిపించే జీర్ణనాళ పదార్థమది. అసలు కళ్లు ముందు భాగాన, ప్రక్కలకు, ఎర్రని చుక్కలుగా ఉంటాయి. సాలీడు వెనుక భాగం నుండి దారం తీస్తే, ఈ నల్లి ముఖభాగంలోని పాల్పుల కొస నుండి తీస్తుంది.

మిరప తెల్లనల్లి సుమారు 0.2 మిల్లీమీటర్లే కనుక సెల్‌ఫోను చిత్రంలో మెరిసే చుక్కగానే తోస్తుంది. చిత్రం స్పష్టంగా ఉంటే ఆడదాని నాలుగవ జత కాళ్లు దారాల వలె సన్నగా కనిపిస్తాయి. మగది ఆ కాళ్లతో ఆడ పిల్లదశను వీపున మోసుకుపోతుంది. అన్నిటికంటే నమ్మదగినది గుడ్డు: దానిపై తెల్లని బుడిపెలు వరుసలుగా ఉంటాయి.

ఇంతకు మించి ఫోటో చెప్పలేదు. ఎర్రనల్లులలో దగ్గరి జాతులను వేరు చేయాలంటే మగదాని జననాంగాన్ని స్లైడుపై ప్రక్కవాటుగా అమర్చి చూడవలసిందే. అట్టి సందర్భంలో నమూనాను 70 శాతం ఆల్కహాలులో ఉంచి, పంట పేరు, సేకరించిన తేదీ పెన్సిలుతో వ్రాసిన చీటీని సీసాలోనే వేసి ప్రయోగశాలకు పంపాలి.