పొదుగు పెట్టెలో కోడిపిల్లలు: తోడ్పడు వేళ, ఊరకుండు వేళ

పెరటిలో నాలుగు నాటుపెట్టలున్న రైతు ఇంట ఉప్పుపప్పులకు చిల్లర సొమ్ము ఆడుచుండును. అయితే పెట్ట పొదుగునకు కూర్చున్నంతనే గ్రుడ్లు పెట్టుట మానివేయును. 21 దినములు పొదిగి, ఆపైని పిల్లలను వెంట త్రిప్పుకొనుచు చాలకాలము గడపును. దాని క్రింద పెట్టగల గ్రుడ్లును పది పండ్రెండింటికి మించవు. ఈ కారణముచేతనే కొలదిపాటి గ్రుడ్లు పట్టు చిన్న విద్యుత్ పొదుగు పెట్టెలు, అనగా ఇంక్యుబేటర్లు, నేడు ఇండ్లలో వాడుటకును దొరకుచున్నవి.

పెట్ట లేకయే గ్రుడ్లను పొదిగించుట క్రొత్త విద్య కాదు. ఈజిప్టు దేశమున రెండువేల యేండ్లకు పైగా ఈ పని సాగుచున్నది. అచ్చటి పనివారు మట్టి ఇటుకల పొదుగు ఇండ్లలో గ్రుడ్డును కనురెప్పకు ఆనించి వేడిమిని తెలిసికొనెడివారు. మనకు ఉష్ణమాపకమును, వేడిని తనంతట సరిచేయు యంత్రమును కలవు. కాని యంత్రము వేడిని ఇయ్యగలదే గాని ఓరిమిని ఇయ్యజాలదు. పిల్లలు వెలువడు దినమున ఆ ఓరిమియే మిక్కిలి అవసరము.

నేను మొదటి పర్యాయము 30 గ్రుడ్లు పెట్టితిని. 20వ నాటి రాత్రి ఒక గ్రుడ్డు చిట్లి, లోపలి నుండి కిచకిచ ధ్వని వినవచ్చెను. తెల్లవారునప్పటికిని రంధ్రము పెద్దది కాకుండుట చూచి, జాలిపడి పెంకు ఒలిచితిని. పొరలోని నెత్తుటి నాళములు తెగినవి. పచ్చసొన కడుపులోనికి పోక మునుపే పిల్ల వెలుపల బడి, కొంతసేపటికి మరణించెను. దాని ప్రక్కనే అట్లే చిట్లిన మరియొక గ్రుడ్డును నేను ముట్టలేదు. ఆ మధ్యాహ్నమునకు అది విచ్చుకొని పిల్ల క్షేమముగా బయటపడెను. అనుభవము లేని సోదరులకు ఆ నష్టము కలుగకుండుటకే ఈ వ్యాసము.

గ్రుడ్ల ఎన్నిక

పుంజుతో కలిసి తిరుగు ఆరోగ్యమైన పెట్టల గ్రుడ్లనే ఏరవలెను. మిక్కిలి పెద్దవి, మిక్కిలి చిన్నవి, పెంకు పలుచనివి, బీట వారినవి పనికిరావు. పెట్టిన వారము దినములలోపు గ్రుడ్లే శ్రేష్ఠము. వానిని చల్లని గదిలో, సన్నని కొన క్రిందికి ఉండునట్లు నిలువ చేయవలెను. నీటితో కడుగరాదు, కడిగినచో పెంకుపై సహజముగా నుండు పూత పోయి, సూక్ష్మక్రిములు లోనికి ప్రవేశించును. గ్రుడ్లన్నిటిని ఒకే దినమున పెట్టవలెను. నేడు కొన్ని, నాలుగు దినములకు కొన్ని పెట్టినచో చివరి దినములలో కొన్నిటికి తేమ ఎక్కువయు, కొన్నిటికి తక్కువయు కావలసివచ్చి రెండును చెడును.

మొదటి 18 దినములు

పంకా గల పెట్టెలో వేడిమి 37.5 డిగ్రీల సెంటీగ్రేడు, అనగా 99.5 డిగ్రీల ఫారన్‌హీటు ఉండవలెను. పంకా లేని పెట్టెలో గ్రుడ్ల పైభాగమున కొలిచినపుడు 101 మొదలు 102 డిగ్రీల ఫారన్‌హీటు ఉండవలెను. గాలిలోని తేమ నూటికి 50 మొదలు 55 పాళ్ళు చాలును. దినమునకు మూడు లేక అయిదు పర్యాయములు గ్రుడ్లను త్రిప్పవలెను. త్రిప్పకున్నచో పిండము పొరకు అంటుకొని చెడును. పెంకుపై ఒక ప్రక్కను గీటు, రెండవ ప్రక్కను చుక్క పెన్సిలుతో గుర్తించినచో ఏ గ్రుడ్డు తిరిగినదో తెలియును.

కొంతసేపు విద్యుత్తు ఆగినంత మాత్రమున గ్రుడ్లు చెడవు. పొదుగు పెట్టయు దినమున కొంతసేపు మేతకు లేచిపోవును గదా. అట్టి వేళ మూత తెరువక, గాలి రంధ్రములను విడిచి, పెట్టెపై కంబళి కప్పిన చాలును. చల్లదనము కంటె వేడి హెచ్చుటయే ఎక్కువ అపాయకరము. మన వేసవిలో గది వేడిమియే 40 డిగ్రీల సెంటీగ్రేడును దాటుచుండును. వేడి నిచ్చు పెట్టె గదిని చల్లబరుపజాలదు. కావున ఎండలు ముదురక మునుపే ఈ పని ముగించుట మేలు.

7వ దినమున చీకటి గదిలో టార్చిలైటు వెలుతురుకు గ్రుడ్డును పట్టి చూడవలెను. ఎఱ్ఱని నరములు సాలెగూడువలె కానవచ్చినచో పిండము బ్రతికి యున్నట్లు. ఏమియు కానరానిది పొదుగునకు పనికిరానిది. నరములు చెదరి, నెత్తుటి వలయము మాత్రమే కానవచ్చునది చచ్చినది. ఈ రెండు విధముల వానిని తీసివేయవలెను. లేనిచో మురిగి, పగిలి, తక్కినవానిని చెరచును.

తేమ సరిగా నున్నదో లేదో తెలిసికొనుటకు తూకమే ఉత్తమ సాధనము. పెట్టిన దినమున 10 గ్రుడ్లు కలిపి 400 గ్రాములు తూగినచో, 18వ దినమునకు సుమారు 350 గ్రాములకు తగ్గవలెను. ఇంతకంటె చాల తక్కువగా తగ్గినచో తేమ అధికమై, గాలి గది చిన్నదై, పిల్ల ఉబ్బి తిరుగలేకపోవును. చాల ఎక్కువగా తగ్గినచో పొర ఎండి పిల్లను బిగించును. చివర కష్టపడు పిల్లలలో పెక్కింటి కష్టమునకు మూలము ఈ 18 దినములలోనే యున్నది. నీటి తట్టలో లోతు కాదు, వెడల్పే తేమను పెంచునని గుర్తుంచుకొనవలెను.

పిల్ల వెలువడు విధము

18వ దినమున త్రిప్పుట మాని, తేమను 65 మొదలు 70 పాళ్ళకు పెంచి, మూత మూయవలెను. ఆపైని పిల్ల మొదట ముక్కుతో లోపలి పొరను చీల్చి, మొద్దు కొనయందలి గాలి గదిలోనికి తల చేర్చి శ్వాస తీయ మొదలిడును. తరువాత ముక్కుపై నుండు చిన్న ముల్లుతో పెంకును చిట్లించును. అటుపిమ్మట పెక్కు గంటలు కదలిక లేనట్లే యుండును. చూచువారికి పిల్ల అలసిపోయినదని తోచును. కాని ఆ సమయమున లోపల ముఖ్యమైన పని జరుగుచున్నది. ఊపిరితిత్తులు పూర్తిగా పనిచేయ నారంభించును. పొర నాళములలోని నెత్తురు శరీరములోనికి మరలును. మిగిలిన పచ్చసొన బొడ్డు ద్వారమున కడుపులోనికి చేరును. ఇందుకు 12 మొదలు 24 గంటలు పట్టుట సహజము. ఆ పిమ్మట పిల్ల గుండ్రముగా తిరుగుచు పెంకును కోసి, టోపీవలె త్రోసి బయటపడును.

ఈ వేళ మూత మాటిమాటికి తెరచుటయే పెద్ద తప్పు. ఒక పిల్లను చూచుటకై తెరచిన మూత తక్కిన గ్రుడ్ల తేమను హరించును. చిట్లిన గ్రుడ్లలోని పొరలు ఎండి పిల్లలకు అంటుకొనును.

తోడ్పడవలసిన సందర్భములు

పెంకు చిట్లి 24 గంటలు దాటినను పని సాగకున్నను, పెంకు కోయ మొదలిడి మధ్యలో చాల గంటలు ఆగిపోయినను, రంధ్రమున పొర ఎండి తోలువలె గట్టిపడినను, పిల్ల ధ్వని క్షీణించుచున్నను తోడ్పడుట న్యాయము. అంతకు మునుపు ముట్టరాదు. సన్నని కొనవైపున చిట్లినచో పిల్ల తలక్రిందుగా నున్నదని అర్థము. అచ్చట గాలి గది లేదు కావున, రంధ్రము మూసుకొనిపోకుండ చూచి మరింత ఓపికతో వేచియుండవలెను.

తోడ్పడు విధము

చేతులు సబ్బుతో కడుగుకొని, గోరువెచ్చని నీరు, శుభ్రమైన దూది, చిన్న పట్టకారు సిద్ధపరచుకొనవలెను. గది వెచ్చగా నుండవలెను. రంధ్రము చుట్టునున్న పెంకును కందిగింజంత ముక్కలుగా మాత్రమే తీయుచు, పొరను తడి దూదితో అద్దవలెను. ముక్కు రంధ్రములలోనికి నీరు పోరాదు. తడిసిన పొరలో ఎఱ్ఱని నరములు కానవచ్చినచో వెంటనే ఆపి, గ్రుడ్డును పెట్టెలో నుంచి, కొన్ని గంటలు వేచియుండవలెను. నెత్తుటి చుక్క కానవచ్చినచో శుభ్రమైన దూదితో మెల్లగా అదిమి, ఆనాటికి ఆ పని చాలించవలెను. నరములు కానరాక పొర తెల్లబారినచో, మొద్దు కొన చుట్టును పెంకును మెల్లగా విడదీసి ముక్కును, తలను విడిపింపవచ్చును.

అంతటితో మన పని ముగిసినది. క్రింది సగమును పిల్లకే విడువవలెను. కాళ్ళతో తన్నుకొని వచ్చుట దానికి బలమును ఇచ్చును. పచ్చసొన ఇంకను లోనికి పోవలసియున్నచో వ్యవధియు దొరకును. ఎంత మాత్రము పట్టి లాగరాదు. ఇంత చేసినను కొన్ని పిల్లలు దక్కవు. పిండము లోపల సరిగా ఎదుగనపుడు మన చేతిలో ఏమియు లేదు.

తరువాతి పోషణ

పిల్లలు ఆరి, బొచ్చు విచ్చుకొను వరకు పెట్టెలోనే యుండవలెను. కడుపులోని పచ్చసొన ఆధారమున అవి రెండు దినముల వరకు మేత లేకున్నను బ్రతుకగలవు. కావున తొందర యక్కరలేదు. బొడ్డు పచ్చిగా నున్న పిల్లకు పొవిడోన్ అయొడిన్ చుక్క అద్దవలెను. మొదటి వారము 35 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనము ఇచ్చి, వారమునకు సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించవలెను. కొక్కెర తెగులు టీకాను మొదటి వారములోనే పశువైద్యుని సలహాపై వేయించవలెను.

లెక్క వ్రాయుట

పిల్లలు వెలువడిన పిమ్మట మిగిలిన గ్రుడ్లను పారవేయక, పగులగొట్టి చూడవలెను. పిండమే కానరానివి ఎన్ని, మొదటి వారమున చచ్చినవి ఎన్ని, నిండుగా ఎదిగి చచ్చినవి ఎన్ని అని వ్రాసికొనవలెను. మొదటి రకము హెచ్చినచో పుంజును గాని, గ్రుడ్ల నిలువను గాని సరిచూడవలెను. రెండవది హెచ్చినచో వేడిమిని. మూడవది హెచ్చినచో తేమను, గాలిని, త్రిప్పుటను పరీక్షింపవలెను. ఒకే పెట్ట గ్రుడ్లు పలుమారు చెడుచున్నచో వానిని పొదుగునకు పెట్టరాదు.

పెట్టె వెల ఒక్కరికి భారమైనచో సంఘ సభ్యులు నలుగురైదుగురు కలిసి ఒకదానిని కొని, వంతుల చొప్పున వాడుకొనవచ్చును. ప్రతి వంతునకు పిమ్మట పెట్టెను క్రిమిసంహారక ద్రవముతో కడిగి ఎండబెట్టి, పై లెక్కల పుస్తకముతో సహా రెండవ వారికి అప్పగింపవలెను. ఒకరి నష్టము వలన తెలిసిన సంగతి ఆ పుస్తకము మూలమున తక్కిన వారికి ఖర్చు లేకయే లభించును.