వేసవి వెండితెర: హాలీవుడ్డు నాయికలు

వేసవికాలమునకును సినిమాకును సంబంధమేమని మన సోదరీమణులు ప్రశ్నింపవచ్చును. అమెరికాదేశమున నీ సంబంధము చల్లగాలితో నేర్పడినది. పూర్వము ఎండలు ముదిరినంతనే అక్కడి సినిమాశాలలు వెలవెలబోవుచుండెడివి. కొన్నింటిని ఋతువు మారువరకు మూసివేయుటయు గలదు. 1925వ సంవత్సరమున న్యూయార్కు నగరమందలి రివోలీ శాలలో కారియర్ సంస్థవారు గాలిని చల్లబరచు యంత్రమును నెలకొల్పిరి. అప్పటినుండి బొమ్మ యెట్టిదైనను సరే, రెండు గంటలు చల్లగా కూర్చుండిన చాలునని జనులు బారులుతీర నారంభించిరి. మూతబడుచుండిన ఋతువే సినిమాకు పంటకాలమయ్యెను.

ఇంటింట టెలివిజను వెలసిన పిదపను ఆ యలవాటు పోలేదు. పాతచిత్రముల ప్రదర్శనకై 1994లో పుట్టిన టర్నర్ క్లాసిక్ మూవీస్ అను సంస్థవారు 2003 మొదలుకొని ఆగస్టు మాసమున దినమున కొక తార చొప్పున, ఆ దినమెల్ల ఆ తార నటించిన చిత్రములనే చూపు వాడుకను ప్రారంభించిరి. ఆనాటి నాయికలు పలువు రీ వరుసలో తమ తమ దినములను పొందిరి. అమ్మమ్మలు చూచిన చిత్రములను మనుమరాండ్రు చూచి ఆనందించుట కిది యొక మంచి యవకాశము.

ఇట్టి సందర్భములలో పత్రికలు ఆ నటీమణుల కన్నులను, కేశపాశములను, దుస్తులను వర్ణించుట పరిపాటి. మేము ఆ పని చేయబోము. వారి యందము తెరమీద నెల్లరకును కనబడుచునే యున్నది; వేరొకరు చెప్పనక్కరలేదు. తెరవెనుక వారు పడిన పాట్లను, వానిని దాటుటకు చూపిన ధైర్యమును మన గృహిణు లెరుగుట యావశ్యకమని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ కాలపు హాలీవుడ్డులో నటి యనగా స్వతంత్రురాలని తలంపరాదు. ఆమె యొక పెద్ద కంపెనీకి జీతగత్తె. సాధారణముగా ఏడేండ్లకు ఒడంబడిక వ్రాయించుకొనెడివారు. అందలి మెలిక యేమనగా, గడువు గడువునకు ఆమె నుంచుకొనుటకో మానుకొనుటకో కంపెనీకి స్వేచ్ఛ కలదు. విడిచిపోవుటకు ఆమెకు లేదు. ఏ పాత్ర ఇచ్చిన ఆ పాత్ర ధరింపవలెను. ఇతర కంపెనీ యడిగినచో బండికి ఎడ్లను బదులిచ్చినట్లు ఆమెను బదులిచ్చి, వచ్చిన లాభమును కంపెనీయే యుంచుకొనును. ఇచ్చిన పాత్రను కాదన్నచో జీతము నిలిపివేసి యింట కూర్చుండబెట్టుదురు. అంతటితో పోలేదు. అట్లు కూర్చున్న దినములను లెక్కగట్టి ఒడంబడిక చివర చేర్చెడివారు. అనగా ఎన్నిసారులు కాదన్న, సంకెల అంత పొడవగుచుండును.

ఈ కట్టుబాట్లు బిగియకపూర్వమే మేరీ పిక్‌ఫర్డ్ అను నామె దీని నంతయు కనిపెట్టెను. 1892లో కెనడాలోని టొరాంటోలో పుట్టిన యీమె మూకీచిత్రముల కాలమున ప్రపంచప్రసిద్ధి గాంచెను. లాభమెక్కడికి పోవుచున్నదో గ్రహించి, 1919లో చార్లీ చాప్లిన్, డగ్లస్ ఫెయిర్‌బాంక్స్, గ్రిఫిత్ అనువారితో కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ అను స్వంత సంస్థను స్థాపించెను. కాని యందరకును అట్టి పలుకుబడి యుండదు గదా!

బెట్టీ డేవిస్ కథ వినదగినది. 1935 నాటి డేంజరస్ అను చిత్రములోని నటనకు ఆస్కారు బహుమానము వచ్చిన పిమ్మటను వార్నర్ కంపెనీవారు ఆమెకు పసలేని పాత్రలనే ఇచ్చుచుండిరి. ఆమె విసిగి 1936లో ఇంగ్లండునకు పోయి, వేరొక నిర్మాత చిత్రమున నటించుటకు ఒప్పుకొనెను. వార్నరువారు వెంటనంటి వచ్చి లండను న్యాయస్థానమున దావా వేసిరి. వారి న్యాయవాది ఆమెను మారాముచేయు పిల్లవలె చిత్రించెను. తీర్పు ఆమెకు ప్రతికూలమయ్యెను. ఇతరులకు నటింపరాదని న్యాయాధిపతి శాసించెను. నేటికిని మనదేశమున న్యాయశాస్త్ర విద్యార్థులు కాంట్రాక్టుల పాఠములో వార్నర్ బ్రదర్స్, నెల్సన్ వ్యాజ్యమని చదువునది యిదియే; నెల్సన్ అనునది యామె వివాహానంతర నామము.

ఓడి తిరిగివచ్చిన దన్నమాటయే గాని, ఆ యోటమి వృథపోలేదు. ఈమె పట్టుదల యెట్టిదో కంపెనీవారికి తెలిసినది. మంచి పాత్రలు రాసాగినవి. 1938 నాటి జెజెబెల్ చిత్రమునకు రెండవ ఆస్కారు వచ్చెను. 1941లో ఆ బహుమానము లిచ్చు అకాడమీకే ఆమె అధ్యక్షురాలయ్యెను. ఆ పదవి నధిష్ఠించిన మొదటి స్త్రీ యామెయే. అధికారము పేరునకే యని గ్రహించి త్వరలోనే విడిచిపెట్టెను.

డేవిస్ ఓడినచోట గెలిచినది ఒలీవియా డి హావిలండ్. ఈమె కథ కొంచెము వివరముగా చెప్పవలసియున్నది.

ఈమె 1916లో జపానులోని టోక్యో నగరమున ఆంగ్లదంపతులకు జన్మించెను. చెల్లెలు జోన్ ఫాంటేన్ కూడ ప్రసిద్ధనటియే. అక్కచెల్లెండ్రిరువురు ఉత్తమనటి ఆస్కారును పొందుట మరెన్నడును జరుగలేదు. ఒలీవియా ముఖము సౌమ్యమైనది. ఆ సౌమ్యతయే యామెకు శాపమైనది. వీరుడు కత్తితిప్పుచుండగా ప్రక్కను నిలువబడి కన్నులప్పగించి చూచు పాత్రలే యామెకు వచ్చుచుండెను. 1939 నాటి గాన్ విత్ ది విండ్ చిత్రమున మెలనీ పాత్ర కావలెనని కోరినపుడు యజమాని జాక్ వార్నర్ ససేమిరా యనెను. ఆమె నేరుగా అతని భార్యను కలిసికొని తన మనసు విప్పి చెప్పుకొనెను. ఆ యిల్లాలి మాటపై గాని ఆ పాత్ర ఆమెకు దక్కలేదు. ఓర్పునకు మారుపేరైన మెలనీని చూచి కంట తడిపెట్టని ప్రేక్షకులు అరుదు.

తరువాతను వార్నరువారి ధోరణి మారలేదు. నచ్చని పాత్రలను ఆమె త్రోసిపుచ్చుటయు, వారు జీతము నాపుటయు సాగుచుండెను. 1936లో వ్రాసిన ఒడంబడికకు 1943లో ఏడేండ్లు నిండెను. విముక్తి లభించినదని ఆమె తలంచుచుండగా, జీతమాపిన దినములు సుమారు ఆరునెలలు గలవనియు, ఆ కాలము తీరువరకు పనిచేయవలసినదేననియు కంపెనీ తెలియజేసెను.

మార్టిన్ గాంగ్ అను న్యాయవాది ఆమెకు ఒక సంగతి చూపించెను. ఏ మనిషిచేతను ఏడేండ్లకు మించి బలవంతముగా కొలువు చేయింపరాదని కాలిఫోర్నియా రాష్ట్రపు చట్టమున గలదు. ఏడేండ్లనగా పంచాంగము ప్రకారము ఏడు సంవత్సరములా, లేక పనిచేసిన దినములను మాత్రమే ప్రోగుచేసిన ఏడేండ్లా? వ్యాజ్యమంతయు ఈ యొక్క ప్రశ్నమీదనే నిలిచినది. పనిచేసిన దినములే లెక్కయైనచో యజమాని ఇచ్చవచ్చినంతకాలము గడువును సాగదీయవచ్చును గదా!

1943 ఆగస్టులో ఆమె దావా వేసెను. కంపెనీ యామె నెవ్వరును పనిలో పెట్టుకొనరాదని ఇతర సంస్థలన్నింటికి లేఖలు పంపెను. సుమారు రెండేండ్లు ఆమెకు చిత్రములు లేవు. పేరు మరుగుపడును, వయసు మీరును, జనులు మరతురు. నటికి రెండేండ్ల విరామమన నేమో మన మూహింపవచ్చును. ఆ దినములలో ఆమె యుద్ధమున గాయపడిన సైనికులను పరామర్శించుచు ఆసుపత్రులు తిరిగెను. 1944 మార్చిలో తీర్పు ఆమెకు అనుకూలమయ్యెను. కంపెనీ అప్పీలు చేసెను. ఆ డిసెంబరులో పై న్యాయస్థానమును ఏడేండ్లనగా పంచాంగపు ఏడేండ్లేయని తేల్చిచెప్పెను. 1945లో రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము దానిని మరల విచారించుటకు నిరాకరించెను. ఆ నియమమును నేటికిని ఆమె పేరుతోనే పిలుచుచున్నారు. నటులే గాక గాయకులును దాని నీడను నిలిచినవారు గలరు.

స్వేచ్ఛ వచ్చిన పిదప ఆమె యెంచుకొన్న పాత్రలే ఆమె వాదమునకు సాక్ష్యము. 1946 నాటి టు ఈచ్ హిజ్ ఓన్, 1949 నాటి ది ఎయిరెస్ అను చిత్రములు ఆమెకు రెండు ఆస్కారులు తెచ్చినవి. 1965లో కాన్ చిత్రోత్సవపు న్యాయనిర్ణేతల సంఘమునకు మొదటి స్త్రీ యధ్యక్షురాలయ్యెను. 2020 జూలైలో పారిస్ నగరమున నూటనాలుగవ యేట ప్రశాంతముగా కన్నుమూసెను.

కాథరీన్ హెప్బర్న్ న్యాయస్థానమునకు పోలేదు, వ్యాపారముతో గెలిచెను. ఈమె తల్లి స్త్రీలకు ఓటుహక్కు కొరకు పోరాడిన యమ్మ. లాగులు తొడుగుకొని తిరుగు ఈమె వైఖరి పలువురకు నచ్చలేదు. 1938లో సినిమాశాలల యజమానుల సంఘ మొకటి ప్రకటన వేసి, ఈమెను మరికొందరు తారలను టిక్కెట్ల పెట్టెకు విషమని నిందించెను. ఆమె న్యూయార్కు నాటకరంగమునకు మరలిపోయి, 1939లో ది ఫిలడెల్ఫియా స్టోరీ అను నాటకమును నాలుగువందలకు పైగా ప్రదర్శనలలో రక్తికట్టించెను. ఆ కథపై సినిమాహక్కులను హోవార్డు హ్యూస్ అను స్నేహితుడు ముందే కొని ఆమె చేతికిచ్చియుండెను. పిమ్మట హాలీవుడ్డు తానే బేరమునకు వచ్చినది. నాయికను నేనే, దర్శకుడు నేను చెప్పినవాడే యను షరతులతో ఆమె హక్కుల నమ్మెను. 1940లో ఆ చిత్రము విజయఢంకా మ్రోగించినది. జీవితమున నాలుగు ఆస్కారులను గెలిచిన నటి యీమె.

అయితే వీరందరు తెల్లవారు. తలుపు తట్టుటకైనను వీలులేని వారి మాట యేమి? గాన్ విత్ ది విండ్ చిత్రమున దాదిగా నటించిన హాటీ మాక్‌డానియల్ నల్లజాతి స్త్రీ. 1939 డిసెంబరులో అట్లాంటా నగరమున జరిగిన ప్రథమ ప్రదర్శనమునకు ఆమె పోజాలకపోయెను. అక్కడి వర్ణభేదశాసనము లట్టివి. 1940 ఫిబ్రవరిలో సహాయనటిగా ఆస్కారు గెలిచి, ఆ బహుమానమును పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి యయ్యెను. ఆ రాత్రి విందుశాలలో తనతోడి నటులతో గాక, గోడచెంత వేరుగ వేసిన చిన్నబల్లవద్ద ఆమెను కూర్చుండబెట్టిరి. అంటుముట్టుల బాధ నెరిగిన మనదేశపు స్త్రీలకు ఆ బల్ల యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

లాస్ ఏంజిలిస్‌లో చాకలిశాల నడుపు చీనావారి యింట 1905లో పుట్టిన అన్నా మే వాంగ్ మరియొకతె. చీనా రైతుదంపతుల కథయైన ది గుడ్ ఎర్త్ చిత్రమున నాయికగా నుండవలెనని ఆమె యాశించెను. రైతు వేషమును తెల్లనటుని కిచ్చిరి. అన్యజాతుల స్త్రీపురుషులను దంపతులుగా చూపరాదని ఆనాటి నియమావళి. కావున చీనాయువతి యుండగా జర్మన్ నటి లూయీస్ రైనర్ చీనావేషము వేసి, దానికే ఆస్కారును పొందెను. 2022లో అమెరికా ప్రభుత్వము తన నాణెముపై ముద్రించినది మాత్రము వాంగ్ ముఖమునే.

మూడవయామె మన గడ్డమీద పుట్టినది. మెర్ల్ ఒబెరాన్ 1911లో బొంబాయిలో జన్మించి కలకత్తాలో పెరిగెను. 1935 నాటి ది డార్క్ ఏంజెల్ చిత్రమునకు ఉత్తమనటిగా ఆస్కారు పోటీలో నిలిచెను. కాని తన రక్తమున ఆసియావారి పాలు గలదని తెలిసిన బ్రతుకుతెరువు పోవునను భయముతో టాస్మేనియాలో పుట్టితినని చెప్పుకొనుచు జీవితమంతయు గడపెను. 1979లో ఆమె మరణించిన పిదప గాని నిజము లోకమునకు తేటతెల్లము కాలేదు. పుట్టినయూరి పేరైన నోరార చెప్పుకొనలేని రాణిరికము రాణిరికమా?

మన తెలుగుసీమకును ఇట్టి ధీరవనిత లేకపోలేదు. పి. భానుమతీ రామకృష్ణగారు భర్తతో కలిసి భరణీ సంస్థను నడిపి, 1953లో చండీరాణి చిత్రమును తెలుగు, తమిళ, హిందీ భాషలలో స్వయముగా దర్శకత్వము వహించి నిర్మించిరి. తన కళకు తానే యజమానురాలగుట యనిన నిదియే.

ఇవియెల్ల దూరదేశపు నటీమణుల సంగతులని మన గృహిణులు త్రోసిపుచ్చరాదు. సంతకము చేయుటకు ముందు కాగితమును పూర్తిగా చదువుట, చట్టము తనకేమి యిచ్చినదో తెలిసికొనుట, కాదనవలసినచోట కాదనుట: ఈ మూడును వెండితెరకే గాక వంటయింటికిని, కార్యాలయమునకును, పుట్టింటి యాస్తి పత్రమునకును సరిపోవును. ఒలీవియాకు చట్టము క్రొత్తగా పుట్టలేదు. అది పుస్తకమున ఉండియే యున్నది. చదివి యడిగినవారు లేకపోవుటయే కొరత.

ఈ వేసవి మధ్యాహ్నమున మీ పిల్లలతో కూర్చుండి ఆ పాత చిత్రములలో నొకటి చూడుడు. మెలనీ నవ్వుచు తలవంచినపుడు, ఆ తలవంచిన యామెయే యొకనాడు న్యాయస్థానమున తలయెత్తి నిలిచినదని మీ యాడుబిడ్డలకు చెప్పుడు. దాది వేషము వేసిన హాటీని చూపి, ఆ చిన్నబల్ల సంగతియు మరువక చెప్పుడు.