ఆకాశమార్గములు – రాజ్యముల కట్టుబాట్లు

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల తెలుగువారు విదేశయాత్రకు దేవనహళ్లి విమానాశ్రయమునకు పోవుట పరిపాటి. అయినను అచ్చటినుండి ఏ సంస్థ విమానము, ఏ దేశమునకు, వారమున కెన్నిమారులు పోవలెనను విషయము వ్యాపారుల యిచ్ఛకు మాత్రమే విడువబడలేదు.

నడిసముద్రమున ఓడలు స్వేచ్ఛగా సాగవచ్చును. ఒక దేశపు నేలపైనున్న ఆకాశమున విమానమున కట్టి స్వేచ్ఛ లేదు. 1944 డిసెంబరు 7వ తేదీన చికాగో నగరమున కుదిరిన ఒడంబడిక ప్రతి రాజ్యమునకును తన ఆకాశముపై సంపూర్ణాధికారము కలదని అంగీకరించినది. అనుమతి లేనిదే పరదేశపు విమానము నియతకాల సర్వీసు నడుపరాదు. కావుననే రెండేసి దేశములు ఒప్పందములు చేసికొని, సంస్థలను, నగరములను, ఆసనములను నిర్ణయించుకొనుచున్నవి.

ఈ ఒప్పందము లన్నియు ఒక్కతీరున నుండవు. 2005లో అమెరికాతో కుదిరినది సర్వీసుల సంఖ్యకు పరిమితి విధింపలేదు. 2014లో దుబాయితో కుదిరిన ఏర్పాటో, ఒక్కొక్క పక్షమునకు వారమునకు 65 వేలకు పైబడిన ఆసనములని హద్దు పెట్టినది. హద్దు సడలించినచో పోటీ పెరిగి ప్రయాణికునకు ఛార్జీ తగ్గవచ్చును. కాని గల్ఫు సంస్థలు మనవారిని తమ నగరముల మీదుగా ఐరోపా, అమెరికాలకు చేర్చుచుండగా, స్వదేశ సంస్థలు ఆ దూరపు మార్గములను కోల్పోవునను భయమును కలదు. ప్రభుత్వము ఈ రెంటిని తూచవలసియున్నది.

దేశములోపలి కథ వేరు. 1953 శాసనముచే జాతీయమైన విమాన సర్వీసులు, 1994లో ఆ శాసనము రద్దగుటతో మరల ప్రైవేటు సంస్థలకు తెరువబడినవి. నేడు టిక్కెట్టు ధరను సాధారణముగా సంస్థలే నిర్ణయించును. పెద్ద విమానాశ్రయముల రుసుములను మాత్రము 2008 శాసనముచే ఏర్పడిన ప్రాధికార సంస్థ నిర్ణయించును.

మన ప్రాంతమునకు మిక్కిలి సన్నిహితమైన కట్టుబాటు మరియొకటి కలదు. 2004లో కేంద్రప్రభుత్వము బెంగుళూరు విమానాశ్రయ సంస్థతో చేసికొన్న ఒప్పందము ప్రకారము, మైసూరు, హాసనములు తప్ప, 150 కిలోమీటర్లలోపల మరియొక అంతర్జాతీయ విమానాశ్రయమునకు 25 సంవత్సరములు తావులేదు. పెట్టుబడికి భద్రత కల్పించుటయే దీని యుద్దేశము. బాగేపల్లికి ఆవలనున్న పుట్టపర్తి విమానాశ్రయమును ఈ పరిధిలోనిదే. దేవనహళ్లి విమానాశ్రయము 2008 మే 24న ప్రారంభమైనందున, ఈ గడువు 2033 మే నెలతో ముగియును. ఆ పిమ్మట ఏమి కావలయునో ఈ సీమవారు ఇప్పటినుండియే ఆలోచించుట యుక్తము.