ప్యాటర్సన్-గ్రీన్‌ఫీల్డ్: మూడేళ్ళ కారు చరిత్ర

అమెరికా కార్ల పరిశ్రమ చరిత్ర సాధారణంగా గెలిచినవారి పేర్లతోనే సాగుతుంది: ఫోర్డ్, ఓల్డ్స్, బ్యూయిక్, డాడ్జ్. కాని ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో ఈ దేశంలో పుట్టి గిట్టిన కార్ల కంపెనీలు వందల సంఖ్యలో ఉన్నాయి. ఒహాయో రాష్ట్రంలోని గ్రీన్‌ఫీల్డ్ అనే చిన్న ఊరిలో నడిచిన సి. ఆర్. ప్యాటర్సన్ అండ్ సన్స్ వాటిలో ఒకటి. అది కార్లు తయారుచేసింది 1915 నుంచి 1918 దాకా మాత్రమే. అయినా, ఆఫ్రికన్ అమెరికన్ల యాజమాన్యంలో కార్లు తయారుచేసిన మొట్టమొదటి కంపెనీగా దానికి చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది.

సంస్థాపకుడు చార్లెస్ రిచర్డ్ ప్యాటర్సన్ 1833లో వర్జీనియాలో బానిసగా పుట్టాడు. గ్రీన్‌ఫీల్డ్‌లో కమ్మరి పనిలోనూ, బగ్గీల నిర్మాణంలోనూ ఆరితేరాడు. 1873లో జె. పి. లో అనే తెల్లజాతి వ్యాపారితో కలిసి బగ్గీల కార్ఖానా నడిపి, 1893లో భాగస్వామి వాటా కొని పూర్తి యజమాని అయ్యాడు. ఆ కార్ఖానా దాదాపు 28 రకాల గుర్రపు బళ్ళను తయారుచేసేది. వాటిలో మంచి పేరు తెచ్చుకున్నది వైద్యుల బగ్గీ. రోగి ఆసుపత్రికి రావడం కాక, వైద్యుడే రోగి ఇంటికి వెళ్ళవలసిన రోజులవి. అర్ధరాత్రి వానలో, బురద దారిలో కాన్పు చెయ్యడానికి బయలుదేరిన వైద్యుడికి గట్టి చక్రాలు, తడవనివ్వని కప్పు విలాసాలు కావు, వృత్తిలో అవసరాలు. నా వృత్తి పూర్వీకులు కొందరు ఈ బళ్ళలోనే తిరిగారన్న మాట నన్ను ఈ కంపెనీ వైపు లాగింది.

చార్లెస్ 1910లో మరణించాడు. కొడుకు ఫ్రెడరిక్ డగ్లస్ ప్యాటర్సన్ బాధ్యత చేపట్టాడు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టులో ఆడిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఇతడే. కెంటకీలో ఉపాధ్యాయుడిగా పనిచేసి, తర్వాత ఇంటి వ్యాపారంలోకి వచ్చాడు. గుర్రపు బళ్ళ కాలం తీరిపోతున్నదని గ్రహించి, ముందు కార్ల మరమ్మతు మొదలుపెట్టాడు. 1915 సెప్టెంబరులో తొలి ప్యాటర్సన్-గ్రీన్‌ఫీల్డ్ కారు కార్ఖానా దాటి బయటికి వచ్చింది. నాలుగు సిలిండర్ల కాంటినెంటల్ ఇంజను బయట కొన్నది, పైకట్టు సొంత పనివాళ్ళ చేతిపని. విద్యుత్తుతో నడిచే స్టార్టరు, దీపాలు ఉండేవి. ధర 685 నుంచి 850 డాలర్ల దాకా పలికింది.

చిక్కంతా ఆ ధరలోనే ఉంది. డెట్రాయిట్ సమీపాన హైలాండ్ పార్క్‌లో 1913లో ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైను ప్రవేశపెట్టాడు. అంతకుముందు ఒక మోడల్ టి కారును కూర్చడానికి పన్నెండున్నర గంటలు పట్టేది, కొద్ది నెలల్లో అది గంటన్నరకు దిగింది. 1916లో ఆ కారు 360 డాలర్లకే దొరికింది. ఏటా లక్షల కార్లు తీసే కంపెనీకి ఉక్కు, టైర్లు, ఇంజను భాగాలు అన్నీ చవకే. పదుల్లో తీసే కంపెనీ అదే సామానుకు ఎక్కువ చెల్లించాలి. ప్యాటర్సన్‌లు మొత్తం 30 నుంచి 150 కార్ల వరకు తయారుచేసి ఉంటారని అంచనా. పనితనంలో లోపం ఉండి వాళ్ళు ఓడిపోలేదు. యంత్రాలకూ, విస్తరణకూ కావలసిన పెట్టుబడి వాళ్ళ దగ్గర లేదు. నల్లజాతి వ్యాపారికి బ్యాంకు తలుపులు అంత సులువుగా తెరుచుకోని కాలమది.

1918లో కార్లు మానేసినా కార్ఖానా మూతపడలేదు. ఇతర కంపెనీల ఛాసిస్ మీద బస్సుల, ట్రక్కుల బాడీలు కట్టడం వైపు మళ్ళింది. ఒహాయోలో ఎందరో పిల్లలు ప్యాటర్సన్‌లు కట్టిన బస్సుల్లో బడికి వెళ్ళారు. తండ్రి బగ్గీలు కట్టిన నేర్పే కొడుకుకు అక్కడ పనికొచ్చింది. ఫ్రెడరిక్ 1932లో కన్నుమూశాడు. ఆర్థిక మాంద్యం, పెద్ద కంపెనీల పోటీ తట్టుకోలేక 1939లో సంస్థ మూతపడింది.

ఈనాడు ఒక్క ప్యాటర్సన్-గ్రీన్‌ఫీల్డ్ కారు కూడా మిగిలి ఉన్నట్టు ఆధారం లేదు, బగ్గీలు మాత్రం కొన్ని మిగిలాయి. 2021లో తండ్రీకొడుకులిద్దరికీ ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. కార్ల లెక్క చూస్తే ఇది మూడేళ్ళ ప్రయత్నం. బానిసగా పుట్టినవాడు నిలబెట్టిన కార్ఖానా లెక్క చూస్తే అరవై ఆరేళ్ళ చరిత్ర. ఏ లెక్కతో కొలుస్తామన్న దాన్ని బట్టే ఒక ప్రయత్నం ఓటమిగానో, సాధనగానో కనిపిస్తుంది.